సున్నాకి మూడు కొటేషన్లు

విశ్వవిద్యాలయంలో కొనుగోళ్ళ విభాగం సూపరింటెండెంటుని ఎదురుగా ఉన్నంతసేపూ సూపరింటెండెంటుగారనేవారు, ఆయన అటు తిరగ్గానే మూడు కొటేషన్లాయన అనేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఎవరో బిరుదిచ్చినట్టు లోలోపల మురిసిపోయేవారు కూడా.

గుండుసూది కొన్నా జనరేటరు కొన్నా మూడు చోట్ల ధర అడిగి, మూడు సీలు కవర్లు తెప్పించి, అందులో తక్కువ చెప్పినవాడి దగ్గరే కొనాలన్నది అక్కడి నిబంధన. నిబంధన అందరికీ ఉంది. మిగతా విభాగాలవాళ్ళు బతకనేర్చినవాళ్ళు కాబట్టి ఒకే కొట్టువాడి చేత మూడు పేర్ల మీద మూడు కాగితాలు రాయించుకుని పని కానిచ్చేసేవారు. మన సూపరింటెండెంటుగారు మాత్రం నిజంగానే మూడు కొట్లకీ కాళ్ళీడ్చుకుంటూ తిరిగేవారు. ఆడిటువాళ్ళు వస్తే ఆయన టేబుల్ దగ్గర కూర్చోవడం దండగని నేరుగా పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు.

ఆఫీసులో పట్టుకున్న జబ్బు ఇంటిదాకా వచ్చింది. ఒకసారి కళ్ళజోడు విరిగితే, కళ్ళజోడు లేకుండానే మూడు కొట్లూ తిరిగి, మూడో కొట్టు గాజు తలుపుకి నుదురు కొట్టుకుని బొప్పితో ఇంటికొచ్చారు. తనని చేసుకునే ముందు ఇంకో రెండు సంబంధాలు చూసొచ్చిన మనిషని వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతుంది. అందుకే నీ మీద ఇన్నేళ్ళలో ఒక్క ఆడిట్ అభ్యంతరమూ రాలేదని ఆయన జవాబు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆవిడకింకా తేలలేదు.

ఆయన గది చూడాలి. వ్యాపారులు నమూనాకని ఇచ్చి వెళ్ళిన కుర్చీలు మూడు, మూడు రకాల ఫినాయిలు సీసాలు, మూడు రంగుల గోడ సున్నం ముక్కలు. ఒక్కో కుర్చీలోనూ వారం చొప్పున కూర్చుని, ఏది నడుము పట్టేసిందో, ఏది పట్టెయ్యలేదో రాసేవారు. వరండాకి అవతల, ఆయన తలుపుకి సరిగ్గా ఎదురుగా ఇంకో గది ఉంది. అందులో ఒక పాత సైక్లోస్టైల్ మిషను ఉంది. దాని మీద ప్రశ్నపత్రాలు తీసిన రోజులు ఎవరికీ గుర్తులేవు. దానికి సిరా దొరకదు, కాగితం దొరకదు, తిప్పే పిడి ఎప్పుడో ఊడిపోయింది. అయినా స్టాకులో ఉన్న ప్రతి పెద్ద వస్తువుకీ ఒక సంరక్షకుడు ఉండాలి, స్టాకు పుస్తకంలోంచి దాని పేరు కొట్టేసేదాకా ఆ ఉద్యోగమూ ఉంటుంది అన్నది నిబంధన. పోనీ కొట్టేద్దామా అంటే పాత సామాను అమ్మడానికి కూడా మూడు బేరాలు రావాలి. వచ్చిన పాతసామాన్లవాడు ఒక్కడే. అందుకని జుట్టంతా నెరిసిన అటెండరొకాయన రోజూ పొద్దున్నే వచ్చి మిషను మీద దుమ్ము తుడిచి, స్టూలు మీద కూర్చుని, సాయంత్రం తాళం వేసుకుని వెళ్ళేవాడు. అందరూ ఆయన్ని మిషను తాత అనేవారు. విశ్వవిద్యాలయంలో వేళకొచ్చి వేళకి వెళ్ళేది ఆయనొక్కడే.

ఇలాంటి చోటికి ఓపెన్ సోర్స్ వచ్చింది.

కంప్యూటర్లలో వాడే పాత సాఫ్ట్‌వేరుకి కంపెనీవాళ్ళు ఏటా లైసెన్సు ధర పెంచుకుంటూ పోయారు. ఈసారి పెంచింది చూసి ఫైనాన్స్ ఆఫీసరు కళ్ళు తేలేశారు. అప్పుడు కంప్యూటర్ సెంటర్లో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఒక అమ్మాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవడానికీ, విప్పి చూసుకోవడానికీ, కావలసినట్టు మార్చుకోవడానికీ వీలున్న సాఫ్ట్‌వేరు ఉందనీ, అది పెట్టుకుంటే ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదనీ ఒక నివేదిక రాసింది. పెద్దలందరూ కూర్చుని చర్చించారు. విప్పి చూసుకోవచ్చంటే దొంగలు కూడా చూస్తారు కదా అని ఒకాయన అడిగారు. రాజనీతి శాస్త్రం ఆచార్యులు స్వేచ్ఛ గురించి గంటసేపు ఉపన్యసించి, చివర్లో తన కంప్యూటరుకి మాత్రం పాతదే ఉంచమన్నారు. ఉచితమన్న మాట ఒక్కటే ఫైనాన్స్ ఆఫీసరు చెవిన పడింది. తీర్మానం పాసైపోయింది. అందరూ ఇకమీదట కొత్త సాఫ్ట్‌వేరే వాడాలన్న ఉత్తర్వుని రిజిస్ట్రారుగారు పాత సాఫ్ట్‌వేరులోనే టైపు చేయించి పంపించారు.

ఆ అమ్మాయి సూపరింటెండెంటుగారి మేనకోడలు. చెల్లెలి కూతురు. ఉద్యోగం వచ్చినప్పటినుంచీ ఆయనింట్లోనే, మేడ మీది చిన్న గదిలో ఉంటోంది. పిల్లల్లేని ఆ ఇంట్లో రేడియో కన్నా ఎక్కువ మోగేది ఆ పిల్ల గొంతే. ఆమె కాంట్రాక్టు ఈ మార్పిడి పని పూర్తయ్యేదాకా. పని బాగా చేస్తే పర్మినెంటు చేస్తామని రిజిస్ట్రారుగారు వరండాలో నిలబడి నోటిమాటగా చెప్పారు. ఆ మాట పట్టుకుని ఆమె రాత్రనకా పగలనకా పనిచేస్తోంది. ఆ ఉద్యోగం నిలబడాలన్నదే ఇంటిల్లిపాదికీ ఉన్న ఒకే ఒక్క కోరిక.

ఫైలు ఊరేగి ఊరేగి కొనుగోళ్ళ విభాగానికి వచ్చింది. బయటినుంచి ఏ వస్తువు లోపలికి రావాలన్నా ఆ టేబుల్ మీదుగానే రావాలి మరి. ఆ రోజు భోజనాల దగ్గర మేనకోడలు ఆశగా అడిగింది.

"ఫైలు చూశావా మావయ్యా?"

"చూశానమ్మా. మూడు కొటేషన్లు లేవు."

"అది ఉచితం మావయ్యా. దించుకుని పెట్టుకోవడమే."

"ఉచితమని ఎవరు చెప్పారు? మూడు చోట్ల అడిగామా?"

వాళ్ళావిడ గరిటె గిన్నెలో వదిలేసి మొగుడి మొహంలోకి చూసింది. ఆయన మాత్రం ఏ మొహమాటమూ లేకుండా నిబంధన అప్పజెప్పారు. వస్తువు ఖరీదు ఎంతైనా సరే మూడు కొటేషన్లుండాలని రాసుంది. ఎంతైనా అన్నప్పుడు సున్నా కూడా అందులోకే వస్తుంది. సొంత మేనకోడలి ఫైలు కాబట్టి అసలు ఇంకో నాలుగోది కూడా అడగాలి గాని, మూడుతో సరిపెడుతున్నానన్నారు.

మర్నాడు ఆ సాఫ్ట్‌వేరుని తయారుచేసి పంచిపెట్టే మూడు బృందాలకి ఉత్తరాలు వెళ్ళాయి. తమ అతి తక్కువ ధరని సీలు వేసిన కవర్లో తెలియజేయవలసిందని. మొదటివాళ్ళు మాది ఉచితమని ఒక్క ముక్క రాశారు. రెండోవాళ్ళు, ఉచితమేనండీ, ఇంతకీ మీరు క్షేమమేనా అని రాశారు. మూడోది ఒక రిటైరైన స్కూలు మాస్టారి దగ్గర్నుంచి వచ్చింది. ఆయనా మరికొందరూ తీరిక వేళల్లో ఆ సాఫ్ట్‌వేరుని చూసుకుంటూ ఉంటారట. అడిగినందుకు సంతోషం, ఇన్నేళ్ళలో ధర అడిగినవాళ్ళు మీరొక్కరేనని రాశారు.

కవర్లు విప్పడానికి రిజిస్ట్రారుగారి గదిలో కమిటీ కూర్చుంది. రిజిస్ట్రారు, ఫైనాన్స్ ఆఫీసరు, సూపరింటెండెంటు. సున్నా, సున్నా, సున్నా. ఏదో ఒకటి తీసుకోండని రిజిస్ట్రారుగారు వాచీ చూసుకున్నారు. అప్పుడు ఫైనాన్స్ ఆఫీసరు, టీ కప్పు కింద పెడుతూ, చావు కబురు చల్లగా చెప్పారు.

"సాఫ్ట్‌వేరెలాగూ ఉచితం. పని అయిపోగానే ఆ కాంట్రాక్టు అమ్మాయిని కూడా పంపించేస్తే ఆ జీతమూ మిగులుతుంది. ఉచితమైనదానికి మళ్ళీ మనిషెందుకు?"

రిజిస్ట్రారుగారు తలూపారు. సూపరింటెండెంటుగారి వైపు తిరిగి ఆప్యాయంగా కూడా మాట్లాడారు. "ఆ అమ్మాయి మీ బంధువని నాకు తెలుసు. బంధుప్రీతి చూపించే మనిషి మీరు కాదనీ తెలుసు."

ఆయన గుండెల్లో రాయి పడింది. వరండాలో ఇచ్చిన మాట సంగతేమిటని అడగాలనిపించింది గాని, వరండాలో ఇచ్చిన మాటలకి కొటేషను నంబరు ఉండదు. పైగా కమిటీలో అనుకున్న మాట సమావేశం మినిట్స్ రాసి బయటపెట్టేదాకా భార్యకి కూడా చెప్పకూడదు. ఆ నిబంధన రాసి గోడకి అంటించింది కూడా ఆయనే. ఎదురుగా ముగ్గురు సున్నాలవాళ్ళ కాగితాలు కనిపించాయి. ఆయన గొంతు సవరించుకున్నారు.

ముగ్గురి ధరా సమానమైనప్పుడు ముగ్గురితోనూ బేరమాడి ఇంకా తగ్గించమని అడగాలన్నారు. సున్నా కన్నా కిందికా అని ఫైనాన్స్ ఆఫీసరు నోరెళ్ళబెట్టారు. తగ్గించడం వాళ్ళ ఇష్టం, అడగడం మన విధి అని చెప్పి, నిబంధన నంబరు చెప్పి, కాగితాలు సర్దుకుని ఆయన లేచిపోయారు.

ఆనాటివరకూ ఆయన నిదానం పుట్టుకతో వచ్చింది. ఆ రోజునుంచీ దానికి తెలివి తోడైంది. బేరమాడే ఉత్తరానికి చిత్తుప్రతి, దానికి సవరణ, సవరించినదానికి న్యాయ సలహా, న్యాయ సలహాదారు ఊళ్ళో లేకపోతే ఆయన వచ్చేదాకా ఎదురుచూపు. ఫైలుకి తాడు కట్టే ముడి వదులైందని కొత్త తాడుకి మూడు కొటేషన్లు. పని పూర్తి కానంతకాలం పిల్ల ఉద్యోగం పోదు. ఆయనకి తెలిసిందల్లా అదే. అలా మీనమేషాలు లెక్కపెడుతూ ఎన్నాళ్ళు నెట్టుకురావచ్చో ఆయనకే తెలియదు.

ఇంట్లో మాత్రం ఆయన బతుకు దుర్భరమైపోయింది. అయినవాళ్ళకి అడ్డంపడే మనిషిని ఎక్కడా చూడలేదని వాళ్ళావిడ గిన్నెలతోనూ గోడలతోనూ చెప్పుకునేది. చెల్లెలు ఫోన్ చేసి, అన్నయ్యా, దాని కాళ్ళకి బంధాలు వెయ్యడానికా నీ దగ్గరుంచింది అని ఏడ్చింది. మేనకోడలు మొదట బతిమాలింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత మాట్లాడ్డమే మానేసింది. పాత లైసెన్సు గడువు ముగిసేలోగా పని కాకపోతే చేతకాదని తనని పంపించేస్తారని ఆమె భయం. కంచం పట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయేది. పైన ఆమె చెప్పుల చప్పుడు వింటూ ఆయన కింద ముద్ద మింగలేక కూర్చునేవారు. చెప్పేస్తే పోయేదే. నోటిదాకా వచ్చేది కూడా. కానీ గోడకి అంటించిన కాగితం ఆయనకి గొంతులోనూ అంటుకుని ఉంది. చిన్నప్పుడు తన వేలు పట్టుకుని బడికి వెళ్ళిన పిల్ల తనని శత్రువులా చూస్తుంటే ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

లైసెన్సు గడువు దగ్గరపడింది. ఉచితంగా వచ్చేదాన్ని ఇంతకాలం ఎందుకు నాన్చారో సంజాయిషీ ఇవ్వమని రిజిస్ట్రారుగారు మెమో పంపారు. ఉద్యోగంలో చేరాక ఆయనకొచ్చిన మొదటి మెమో అది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు. అన్నేళ్ళు కాపాడుకున్న పేరు ఒక్క కాగితంతో మట్టి కొట్టుకుపోయింది. కష్టంగానే ఉంది. అయినా ఫైలు కదల్లేదు.

బేరానికి జవాబులొచ్చాయి. మొదటివాళ్ళు పలకనే లేదు. రెండోవాళ్ళు నవ్వుతున్న మొహం బొమ్మ ఒకటి పంపితే, ధర తగ్గించినట్టు స్పష్టంగా లేదని దాని కింద రాసి ఫైల్లో పెట్టారు. మాస్టారు మాత్రం పూర్తి ఉత్తరమే రాశారు. సున్నా కన్నా తగ్గించడం తనకి చేతకాదనీ, కావాలంటే అక్కడ దాన్ని చూసుకునే మనిషికి తానే ఎన్నాళ్ళైనా ఉచితంగా నేర్పుతాననీ అన్నారు. ఇది ఉచితంగా ఉందంటే ఎక్కడికక్కడ ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండబట్టేననీ, చూసుకునే మనిషి లేకపోతే దయచేసి తీసుకోవద్దనీ రాశారు.

సూపరింటెండెంటుగారు ఆ ఉత్తరం చదివి తలెత్తారు. ఎదుటి గదిలో మిషను తాత గుడ్డతో సైక్లోస్టైల్ మిషను తుడుస్తున్నాడు. మూలమూలలా, పసిపిల్లకి స్నానం చేయించినట్టు తుడుస్తున్నాడు. ఆయన ఆ తుడవడాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. ఇవాళ మాత్రం చూపు తిప్పుకోలేకపోయారు. టీ చల్లారిపోయింది.

మర్నాడు కమిటీని ఆయనే పిలిపించారు. సున్నా మీద శిక్షణ కూడా ఇస్తానన్నారు కాబట్టి మాస్టారిదే అతి తక్కువ ధర అని తేల్చారు. పీడ విరగడైందని రిజిస్ట్రారుగారు గబగబా సంతకం పెట్టారు. ఫైనాన్స్ ఆఫీసరూ పెట్టారు. అప్పుడు సూపరింటెండెంటుగారు అడుగునుంచి ఇంకో కాగితం తీశారు. వస్తువు స్టాకులోకి వచ్చింది కాబట్టి సంరక్షకుల్ని నియమించాలి.

"బరువూ లేదు, రూపమూ లేదు. దానికి సంరక్షకుడేమిటండీ?" అన్నారు ఫైనాన్స్ ఆఫీసరు.

"ఖరీదు లేదని కొటేషన్లు మానలేదు కదండీ. రూపం లేదని సంరక్షకుణ్ణి ఎలా మానతాం?"

సరే ఎవరో ఒకరి పేరు రాసెయ్యమన్నారు రిజిస్ట్రారుగారు. పేరు రాయకూడదనీ, కంప్యూటర్ సెంటర్లో ప్రస్తుతం ఆ పని చేస్తున్నవారు అని రాశాననీ, ఆ మనిషి తనకి బంధువు కాబట్టి ఆ కాగితం మీద తన సంతకం ఉండకూడదనీ, నిబంధన ప్రకారం రిజిస్ట్రారుగారే స్వయంగా పెట్టాలనీ ఆయన వినయంగా చెప్పారు. మనిషి నిజాయితీకి రిజిస్ట్రారుగారు మరోసారి ముచ్చటపడి, వాచీ చూసుకుంటూ సంతకం పెట్టేశారు.

"ఈ ఉద్యోగం ఎన్నాళ్ళు?" ఫైనాన్స్ ఆఫీసరుకి అప్పుడు అనుమానం వచ్చింది.

"స్టాకులోంచి కొట్టేసేదాకానండీ."

తలుపు తీసే ఉంది. దూరాన వరండా చివర స్టూలు మీద మిషను తాత కూర్చుని ఉన్నాడు. ఫైనాన్స్ ఆఫీసరు చాలాసేపు ఆయన వైపే చూశారు. ఉచితంగా వచ్చినదాన్ని ఏ పాతసామాన్లవాడు కొంటాడు? అందులోనూ ముగ్గురు? ఫైనాన్స్ ఆఫీసరు చెయ్యి కాగితం వైపు వెళ్ళింది. సంతకాలు మాత్రం ఆరిపోయాయి.

మేనకోడలికి ఉత్తర్వు అందింది. మావయ్య పీడ వదిలి పని అయిందనే ఆమె అనుకుంది తప్ప ఇంకేమీ తెలియదు. సంతోషంలో అలక కూడా మర్చిపోయి, ఆయన గదిలో కంప్యూటరుకి కొత్త సాఫ్ట్‌వేరు పెట్టడానికి వచ్చింది. ఆయన పక్కనే కూర్చుని, జేబులోంచి మెమో తీసి, ఎలాగూ పెట్టావు కదా, దీనికి నా సంజాయిషీ టైపు చేసిపెట్టమ్మా అన్నారు. ఆయన చెబుతుంటే ఆమె కొట్టింది. పై విషయమై తమకు విన్నవించుకునేది ఏమనగా, ఆలస్యానికి పూర్తి బాధ్యత నాదే. కారణం, బంధుప్రీతి.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఇదేంటి మావయ్యా?"

"కారణం అడిగారమ్మా. అబద్ధం ఎలా రాయను?"

"మరి నువ్వు నాకు అడ్డం కదా పడ్డావు?"

ఆయన మినిట్స్ ఇంకా బయటికి రాలేదని మాత్రం అన్నారు. ఆమె తన చేతిలోని ఉత్తర్వు తీసి చూసుకుంది. పూర్తయ్యేదాకా అన్నచోట కొట్టేసేదాకా అని ఉంది. తెరిచిన తలుపులోంచి ఎదుటి గదిలో మిషను తాతని చూసింది. కొంచెం కొంచెంగా అంతా అర్థమైంది. మేడ మీదికి కంచం పట్టుకెళ్ళిన పూటలన్నీ గుర్తొచ్చి, కుర్చీలోంచి లేచి, నమూనా ఫినాయిలు సీసాల మధ్యనే మావయ్య భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన ఆమె తల నిమిరి, ఆఫీసు వేళలమ్మా అన్నారు.

ఆ మాట తీసేద్దామని ఆమె ఎంత చెప్పినా ఆయన వినలేదు. సంజాయిషీ అలాగే వెళ్ళింది. రిజిస్ట్రారుగారు దాన్ని రెండుసార్లు చదివారు. ఈ మనిషి బంధుప్రీతి చూపించడం కల్ల. ఇంకేదో మాట కొట్టబోతే ఇలా పడి ఉంటుంది అనుకున్నారు. మెమో మూసేస్తూ ఆయన రాసిన ఉత్తర్వు అదే వారంలో కంప్యూటర్ సెంటరుకి చేరింది. మేనకోడలు దాన్ని ఇంటికి తెచ్చి, భోజనాల దగ్గర పైకి చదివి వినిపించింది. సూపరింటెండెంటుగారి సంజాయిషీలో దొర్లిన మాట కొత్త సాఫ్ట్‌వేరు లోపంగా భావించడమైనది. ఇలాంటి లోపం మళ్ళీ తలెత్తకుండా చూసుకోవలసిందిగా సంరక్షకురాలిని ఆదేశించడమైనది.

వాళ్ళావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మళ్ళీ రాకుండా చూసుకోమన్నారు మావయ్యా. ఏం చెయ్యమంటావు?"

"అది నీ వల్ల కాదులేమ్మా," అన్నారాయన.